వార్డెన్ సంతకం మా అవ్వ వేలిముద్రకి సమానం కాదు

కొంచెం పెద్ద పోస్టే ఇది. హాస్టల్లో, ఆశ్రమ పాఠశాలలో చదివినవాళ్లు, చదువుతున్న చెల్లెళ్లు ఇంట్లో ఉన్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవాలని కోరుకుంటున్నా.

పోయిన వారం మా అవ్వ ఫోన్ చేసింది. మా చెల్లె ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి. ఆడపిల్లలకి పెద్దయ్యాక క్యాన్సర్ రాకుండా ఒక సూది వేస్తరని, దానికి ఇంట్లోవాళ్ల సంతకం కావాలని బడి నుంచి కబురొచ్చిందట. దాంతోపాటే ఇంకో మాట కూడా చెప్పిన్రట. "మీరు రావాలంటే రెండు బండ్లు మారాలె, ఒక రోజు కూలి పోతది. రాకున్నా ఏం కాదు, సంతకం మేమే పెట్టేస్తం" అని. చెడ్డ మనసుతో అన్న మాట కాదది. నిజంగానే మా ఊరి నుంచి ఆ బడికి పోయి రావాలంటే పొద్దంతా పడతది.

అవ్వ నన్ను అడిగింది ఒక్కటే. "ఏం చెయ్యమంటవు బిడ్డా?"

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనే మొదలు. అందుకే కాయితం అంటే నా దగ్గరికే వస్తది. పోడు పట్టా కాయితమైనా, బ్యాంకు మెసేజైనా, రేషన్ కార్డులో పేరు తప్పు పడ్డా నన్నే అడుగుతరు. మామూలుగా అయితే వెంటనే చెప్పేస్త. ఈసారి చెప్పలేకపోయిన. "రేపు చెప్త అవ్వా" అని ఫోన్ పెట్టేసిన. ఎందుకు చెప్పలేకపోయిన్నో చెప్పడానికే ఈ పోస్టు.

బీఎస్సీ రెండో ఏడులో టీకాల మీద ప్రాజెక్టు రాయమన్నరు. దానికోసం వెతుకుతుంటే పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ఒకటి దొరికింది. ఆరోగ్య శాఖకి సంబంధించిన సంఘం, 72వ నివేదిక, 2013 ఆగస్టు 30న సభ ముందు పెట్టిన్రు. అంతా గట్టి ఇంగ్లీషు. డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు రాత్రులు చదివిన. చదువుతుంటే భద్రాచలం పేరు వచ్చింది. కొత్తగూడెం పేరు వచ్చింది. హాస్టల్ వార్డెన్ అన్న మాట వచ్చింది. ఎక్కడో ఢిల్లీలో రాసిన పుస్తకంలో మన హాస్టల్ ఉంది అక్కా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మనలో చాలామందికి అప్పటికి నాలుగైదేళ్లు. అందుకని మొదటి నుంచి చెప్త.

2009 జూలై 9న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ఖమ్మం జిల్లాలో ఒక టీకా కార్యక్రమం మొదలైంది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా మూడు డోసులు వేయాలని లెక్క. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్ మీద పనిచేసే టీకా అది. ఇక్కడ వాడింది మెర్క్ కంపెనీ గార్డసిల్. సుమారు 14 వేల మంది పిల్లలకి వేసిన్రు. వాళ్లలో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే మన ఆడపిల్లలు చాలామంది. అదే ఏడు ఆగస్టులో గుజరాత్‌లోని వడోదర జిల్లాలో కూడా మొదలుపెట్టిన్రు. అక్కడ వాడింది గ్లాక్సో స్మిత్‌క్లైన్ కంపెనీ సెర్వారిక్స్.

ఇప్పుడు ఎవరెవరు ఏం ఇచ్చిన్రో చూడండి. టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చినయి. పని నడిపించింది అమెరికాలోని సియాటెల్‌లో ఉండే పాథ్ అనే స్వచ్ఛంద సంస్థ. దానికి డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. ఢిల్లీ నుంచి భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, చేయి కలిపింది. మరి మన రాష్ట్ర ప్రభుత్వం ఏం ఇచ్చింది? టీకాలు చల్లగా దాచే పెట్టెలు, సిబ్బంది, బడులు, హాస్టళ్లు ఇచ్చింది. అన్నిటికంటే పెద్దది, తన పేరు ఇచ్చింది. గ్రామీణ ఆరోగ్య మిషన్ గుర్తు కూడా ఈ ప్రాజెక్టుకి వాడుకున్నరు. ఒక విదేశీ సంస్థ నడిపే పనికి సర్కారు గుర్తు వాడటం వల్ల ఆ మిషన్ పరువే పోయిందని పార్లమెంటు సంఘం రాసింది.

తర్వాత సంతకాల సంగతి. ఆంధ్రప్రదేశ్‌కి సంబంధించి పరిశీలించిన అనుమతి పత్రాలు 9,543. వాటిలో 1,948 పత్రాల మీద వేలిముద్రలు ఉన్నయి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు.

ఈ లెక్క ఇంకోసారి చదవండి. పదింటిలో దాదాపు మూడు. తల్లి కాదు, తండ్రి కాదు, వార్డెన్ సంతకం. వార్డెన్లు వాళ్లంతట వాళ్లు దొంగతనంగా పెట్టిన సంతకాలు కూడా కావు. పెట్టొచ్చని పైనుంచే చెప్పిన్రు.

కొన్ని నెలల్లో ఖమ్మంలో, వడోదరలో టీకా వేయించుకున్న పిల్లల్లో కొందరు చనిపోయిన్రు. మొత్తం ఏడుగురు. మహిళా సంఘాలు ఊర్లకి వచ్చి అడిగినయి, పార్లమెంటులో ప్రశ్న లేచింది, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేసిన్రు. ఇక్కడ నేను జాగ్రత్తగా మాట్లాడాలె. ఆ చావులకి టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణలు చెప్పినయి. నీళ్లలో మునగడం, పాము కాటు, పురుగుమందు తాగడం, జ్వరం లాంటి కారణాలు రాసిన్రు. లోతుగా విచారించకుండానే కొట్టిపారేసిన్రని పార్లమెంటు సంఘం తప్పుపట్టింది. టీకా వల్లే చనిపోయిన్రని నేను అనడం లేదు. అట్ల ఎవరైనా వాట్సాప్‌లో తిప్పితే నమ్మొద్దని కూడా అంటున్నా. నా బాధ వేరే. ఆ పిల్లలకి ఏమైనా అయితే ఎవరు చూడాలె, ఎవరికి చెప్పాలె అన్న ఏర్పాటు సరిగ్గా లేదు. బీమా లేదు. ఇంట్లోవాళ్లకి ఏం వేసిన్రో తెలియదు. ఏం వేసిన్రో తెలియని తల్లి ఏమని అడుగుతది?

ఇప్పుడు అసలు విషయానికి వస్త. ఇదంతా ఎందుకు జరిగింది? కంపెనీకి ఖమ్మం ఎందుకు కావాల్సి వచ్చింది?

మనకి మందుల కంపెనీ అంటే నల్ల బ్యాగు వేసుకుని డాక్టర్ గది బయట నిలబడే రెప్ గుర్తొస్తడు. డాక్టరుకి పెన్ను, డైరీ, ఇంకొంచెం పెద్దవైతే విమాన టికెట్. ఇది తప్పని అందరికీ తెలుసు. డాక్టర్లు కంపెనీల నుంచి బహుమతులు తీసుకోవద్దని 2009లోనే మెడికల్ కౌన్సిల్ నియమం తెచ్చింది. అట్లాంటి బహుమతుల ఖర్చుని కంపెనీలు పన్ను లెక్కలో తగ్గించుకోవడానికి లేదని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

కానీ ఒక డాక్టరు చీటీ రాస్తే ఒక్క మనిషికి మందు అమ్ముడుపోతది. ఒక ఆరోగ్య శాఖ చీటీ రాస్తే? ఒక రాష్ట్రంలోని ఆడపిల్లలందరికీ, ప్రతి ఏడూ. మన రాజ్యాంగంలో ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలో ఉన్నయి. అంటే ఢిల్లీలో లైసెన్సు వచ్చినంత మాత్రాన పని అయిపోదు. సూది పిల్ల చేతిదాకా రావాలంటే రాష్ట్రం కావాలె, జిల్లా కావాలె, పీహెచ్‌సీ కావాలె, ఏఎన్ఎం అక్క కావాలె. అందుకే కంపెనీకి అన్నిటికంటే పెద్ద డాక్టరు ఆరోగ్య శాఖే.

ఆ పెద్ద డాక్టరుకి ఎవరూ డైరీలు ఇవ్వరు. లంచం కూడా ఇవ్వనక్కర్లేదు. కిటుకంతా అక్కడే ఉంది. మందు ఉచితంగా ఇస్తరు. కంపెనీ నేరుగా రాదు, నడుమ ఒక స్వచ్ఛంద సంస్థ వస్తది. ఒప్పందం రాసుకుంటరు. సిబ్బందికి శిక్షణ అంటరు. మంత్రి వచ్చి ప్రారంభిస్తడు, ఫోటో పేపర్లో పడతది. శాఖకి ఖర్చు లేకుండా మంచి పేరు. అధికారికి ఒక పని చేసినట్టు లెక్క. సంస్థకి నివేదిక. కంపెనీకి, "చూడండి, ఇన్ని వేల మంది పిల్లలకి వేసినం, సర్కారు బడుల్లోనే వేసినం, ఇబ్బంది లేదు" అని రేపు దేశమంతా అమ్ముకోవడానికి ఒక దారి. అందరికీ ఏదో ఒకటి దక్కింది. ఎవరి జేబులోకీ డబ్బు పోలేదు కాబట్టి ఎవరికీ తప్పు చేసినట్టు అనిపించలేదు.

పార్లమెంటు సంఘం ఈ మాటే గట్టిగా రాసింది. ఈ టీకా సార్వత్రిక టీకాల కార్యక్రమంలోకి చేరితే తయారీ కంపెనీలకి ప్రచారం ఖర్చు, మార్కెటింగ్ ఖర్చు లేకుండానే ఏటేటా అమ్మకం దానంతట అదే జరిగి, లాభాల పంట పండేదని చెప్పింది. కంపెనీల వ్యాపార ప్రయోజనం కోసమే ఇదంతా జరిగిందని పాథ్ మీద కఠినంగా రాసింది. పాథ్ ఆ మాట ఒప్పుకోలేదు. ఇది మందు ప్రయోగం కాదు, అప్పటికే లైసెన్సు ఉన్న టీకాని ప్రభుత్వ వ్యవస్థలో ఎట్ల ఇవ్వొచ్చో చూసే ప్రాజెక్టు మాత్రమే అని చెప్పింది. టీకాకి 2008లో లైసెన్సు వచ్చిన మాట నిజమే. కానీ ఐసీఎంఆర్, పాథ్ ఒప్పందం రాసుకున్నది 2007 ఫిబ్రవరిలో. లైసెన్సు రాకముందే.

ఆ 2007 ఫిబ్రవరి అన్న తేదీ దగ్గర నేను ఆగిపోయిన. ఎందుకంటే అదే నెలలో అమెరికాలో ఇదే టీకా మీద పెద్ద గొడవ జరిగింది. టెక్సస్ రాష్ట్ర గవర్నర్ రిక్ పెర్రీ, ఆరో తరగతిలో చేరే ఆడపిల్లలకి ఈ టీకా తప్పనిసరి అని ఉత్తర్వు ఇచ్చిండు. అక్కడ కూడా మెర్క్ కంపెనీ రాష్ట్రాల చుట్టే తిరిగింది. రాష్ట్రాల చట్టసభల్లో ఉండే మహిళా సభ్యుల సంఘం ఒకదానికి డబ్బు ఇచ్చింది. అంతకుముందు పెర్రీ దగ్గర ముఖ్య అధికారిగా పనిచేసిన మనిషే టెక్సస్‌లో మెర్క్ తరఫున లాబీయింగ్ చేసిండు. ఇవన్నీ పేపర్లలో వచ్చినయి. తల్లిదండ్రులు మండిపడ్డరు. వద్దనుకున్నవాళ్లు రాసిచ్చి తప్పుకోవచ్చని ఉత్తర్వులో ఉన్నా సరే ఊరుకోలేదు. మూడు వారాలు తిరగకముందే కంపెనీ ఆ రాష్ట్రాల లాబీయింగ్ ఆపేస్తున్నం అని ప్రకటించింది. టెక్సస్ చట్టసభ గవర్నర్ ఉత్తర్వుని చెల్లకుండా చేసింది. తర్వాత 2011లో అది తన తప్పేనని పెర్రీ ఒప్పుకున్నడు.

కంపెనీ అదే, టీకా అదే, వెళ్లిన దారి కూడా అదే. రాష్ట్ర ప్రభుత్వం ద్వారా బడి పిల్లల దగ్గరికి. తేడా ఎక్కడుంది? టెక్సస్ తల్లికి ఉత్తర్వు సంగతి ముందే తెలిసింది, కాబట్టి అరిచింది. మన తల్లికి తెలియకుండానే ఆమె పేరు మీద ఇంకొకరు సంతకం పెట్టేసిన్రు. అరవడానికి కూడా ఏం జరుగుతుందో తెలియాలె కదా.

ఇంకో సంగతి. వేరేవాళ్ల పిల్లలు ఇంట్లో ఉంటరు. వాళ్లకి సూది వేయాలంటే ఇంటింటికీ తిరగాలె, నాన్నని ఒప్పించాలె, నాయనమ్మ ప్రశ్నలకి జవాబు చెప్పాలె. మనం వందల మందిమి ఒకే కప్పు కింద ఉంటం. విజిల్ వేస్తే లైన్లో నిలబడతం. సంతకం పెట్టే మనిషి ఒక్కరే, ఆమె కూడా సర్కారు ఉద్యోగే. పై ఆఫీసు నుంచి ఫోన్ వస్తే కాదనలేదు. అంటే అడిగేది ప్రభుత్వమే, ఒప్పుకునేది కూడా ప్రభుత్వమే. నడుమ మన ఇల్లు లేదు. మన చదువు కోసం కట్టిన హాస్టలే మనల్ని సులువుగా దొరికేటట్టు చేసింది.

నాకు కూడా అనుభవమే. ఇంటర్‌లో ఉన్నప్పుడు మా హాస్టల్లో ఒక క్యాంపు పెట్టిన్రు. రక్తం తీసిన్రు, బరువు చూసిన్రు, ఒక సీసా టానిక్ చేతిలో పెట్టిన్రు. ఒక పెద్ద షీటు మీద వరుసగా పేర్లు, పక్కన సంతకాలు. పైన ఏం రాసిందో నేను చదవలేదు. వెనక యాభై మంది ఉన్నరు, లైను కదులుతుంది, సంతకం పెట్టేసిన. నా రక్తం ఎటు పోయిందో, రిపోర్టు ఏమైందో ఇప్పటిదాకా తెలియదు. అందులో తప్పేం లేకపోవచ్చు. కానీ ఆ రోజు నేను ఒప్పుకోలేదు, లైన్లో నిలబడ్డ అంతే. రెండూ ఒకటి కాదని నాకు ఆ నివేదిక చదివినంకనే అర్థమైంది.

ఇది చెప్తే మా హాస్టల్లోనే ఒక అక్క గట్టిగా వాదించింది. ఆమె మాట కూడా న్యాయంగా చెప్త. "వార్డెన్ మనకి తల్లి లాంటిది. ప్రతి సూదికి ఊర్ల నుంచి అమ్మానాన్నల్ని పిలిపిస్తే ఒక్క టీకా కూడా పడదు. జ్వరమొచ్చి పడిపోతే ఎవరు మోసుకుపోయిన్రు?" అంది. నిజమే. నాకు ఏడో తరగతిలో మలేరియా వచ్చినప్పుడు అర్ధరాత్రి ఆటో మాట్లాడి ఆసుపత్రికి తీసుకుపోయింది వార్డెన్ మేడమే. ఆ రోజు మా అవ్వ సంతకం కోసం ఆగి ఉంటే నేను ఈ పోస్టు రాసేదాన్ని కాదేమో. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వార్డెన్ సంతకం పెట్టాలె, పెట్టి తీరాలె.

కానీ జ్వరం రేపటిదాకా ఆగదు. టీకా ఆగుతది. అధ్యయనం అయితే ఇంకా ఆగుతది. వారం ఆలస్యమైతే ఎవరూ చావరు. ఆగగలిగే పనికి కూడా ఆగకుండా సంతకం పెట్టిన్రంటే, తొందర పిల్లది కాదు, ఇంకెవరిదో.

ఇంకో మాట అంటరు. "అట్లయితే టీకానే వద్దందాం." నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. మా పెద్దమ్మ ఈ క్యాన్సర్‌తోనే పోయింది. తెల్లబట్ట అవుతుందని రెండేళ్లు ఎవరికీ చెప్పుకోలేదు. వరంగల్ తీసుకుపోయేసరికి చేయి దాటిపోయింది. మన దేశంలో ఏటా 75 వేల మందికి పైగా ఆడవాళ్లు దీంతో చనిపోతున్నరు. ముందే పరీక్షలు చేయించుకునే అలవాటు, అవకాశం లేని మనలాంటి ఊర్లకే ఈ టీకా ఎక్కువ అవసరం. సిక్కిం రాష్ట్రం 2018లోనే తన ఆడపిల్లలకి వేయించింది. ఒక్క డోసు కూడా బాగానే కాపాడుతదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మన దేశంలోనే సీరం ఇన్‌స్టిట్యూట్ సొంత టీకా తయారు చేసింది. 2024 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో కూడా 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి ఈ టీకాని ప్రోత్సహిస్తం అన్నరు.

మరి ఇంత మంచి టీకా పేరు వింటే మన పెద్దవాళ్లు ఎందుకు జంకుతున్నరు? ఖమ్మం వల్ల. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. ఏఎన్ఎం అక్క ఎండలో వానలో వాగు దాటి వచ్చి, పసిపిల్లలకి సూదులు వేసి, ఆశా అక్కతో కలిసి జ్వరాల కాలంలో రక్తపు చుక్కలు తీసుకుపోయి, ఏండ్లకేండ్లుగా మన ఊర్లల్లో నమ్మకం సంపాదించింది. ఆ నమ్మకాన్ని ఏ కంపెనీ డబ్బుతో కొనలేదు. మన ప్రభుత్వం దాన్ని వాళ్లకి ఉత్తగా వాడుకోనిచ్చింది. పని చెడ్డంక కంపెనీ పోయింది, సంస్థ పోయింది, మంత్రులు మారిన్రు, జిల్లా కూడా రెండయింది. మిగిలింది ఏఎన్ఎం అక్క, ఆమెని అనుమానంగా చూసే మన అవ్వలు. అప్పు తెచ్చింది ఒకరు, కడుతున్నది మనం.

ఇప్పుడు నియమాలు కొంత మారినయి. ఇవి మనకి తెలిసి ఉండాలె. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం పిల్లల మీద ఏ పరిశోధన చేసినా తల్లిదండ్రుల అనుమతితో పాటు పిల్లల అంగీకారం కూడా కావాలె. 7 నుంచి 12 ఏళ్ల వాళ్లయితే నోటిమాటగా, 12 దాటితే రాతలో. కొత్త మందుల ప్రయోగాలకి 2019లో వేరే నియమాలు వచ్చినయి. పార్లమెంటు సంఘం నివేదికల్ని కోర్టులు చూడొచ్చని 2018 మే 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు వచ్చింది ఈ హెచ్‌పీవీ కేసులోనే. అంటే మన హాస్టళ్ల కథ దేశం మొత్తానికి ఒక న్యాయసూత్రం ఇచ్చింది. మనకే తెలియదు.

అయితే ఈ నియమాలన్నీ "పరిశోధన" అన్న పేరు పెట్టినప్పుడే. ఖమ్మంలో గొడవంతా ఆ పేరు దగ్గరే వచ్చింది. ప్రయోగం కాదు, ప్రాజెక్టు అన్నరు. రేపు ఇంకో పేరు పెట్టొచ్చు. అందుకని పేరు సంగతి వదిలేసి, మన హాస్టల్‌కి ఏ మందు వచ్చినా, ఏ క్యాంపు వచ్చినా మనం అడగాల్సినవి ఇవి అని నా అభిప్రాయం:

1. ఇది సర్కారు రోజువారీ కార్యక్రమమా, ఎవరైనా చేస్తున్న అధ్యయనమా? పిల్లల వివరాలు, రక్తం ఎవరికి పోతయి?

2. మందుని ప్రభుత్వం కొన్నదా, ఎవరైనా ఉచితంగా ఇచ్చిన్రా? ఉచితమైతే ఇచ్చింది ఎవరు, ఒప్పందంలో ఏం రాసుకున్నరు? ఆ కాయితం నోటీసు బోర్డు మీద పెట్టాలె. పెట్టకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది, మనలో దరఖాస్తు రాయగలిగినవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నరు.

3. అనుమతి కాయితం తెలుగులో ఉందా? కోయలో, గోండిలో, కొలామీలో చదివి చెప్పే మనిషి ఉన్నడా?

4. సూది వేసినంక పిల్లకి ఏమైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలె, ఏ ఆసుపత్రి, ఖర్చు ఎవరిది?

5. వద్దంటే పిల్లకి బడిలో ఏ ఇబ్బందీ ఉండదని ఎవరు హామీ?

ఈ ఐదు అడగడానికి డిగ్రీ అక్కర్లేదు. కానీ ఒక్కరం అడిగితే "నీకెందుకమ్మా" అంటరు. మనకి పెసా చట్టం ఉంది, 1996 నుంచి. సామాజిక రంగాల్లోని సంస్థల మీద, సిబ్బంది మీద గ్రామసభకి, పంచాయతీకి అధికారం ఉందని అందులో రాసి ఉంది. భూమి గురించి, ఇసుక గురించి గ్రామసభ పెట్టమని కొట్లాడుతున్నం, మంచిదే. మన పిల్లల ఒంట్లోకి పోయే మందు గురించి కూడా ఒకసారి గ్రామసభలో చదివి వినిపించమని ఎందుకు అడగం? డాక్టరు సారే వచ్చి చెప్పొచ్చు. బాగా చెప్తే ఊరంతా పిల్లల్ని తామే తీసుకొస్తరు. ఖమ్మంలో ఈ ఒక్క పని చేసి ఉంటే ఈ టీకా మన ఊర్లకి మంచి పేరుతోనే వచ్చేది.

అధికారులకి కూడా ఒక మాట. కంపెనీలతో, సంస్థలతో మాట్లాడొద్దని మేం అనడం లేదు. మందులు వాళ్లే తయారు చేస్తరు, మాట్లాడక తప్పదు. కానీ ఆ మాటలు మాకు వినపడేటట్టు మాట్లాడండి. ఉచితంగా వచ్చిన సరుకు ఏదైనా సరే, మాకు చెప్పకుండా మా పిల్లల మీదికి తేకండి. డాక్టరు ఒక డైరీ తీసుకుంటే తప్పు అంటున్నం. శాఖ వేల డోసులు తీసుకుంటే దానికి భాగస్వామ్యం అని పేరు పెడుతున్నం. రెండింటికీ వేర్వేరు పేర్లు ఉండొచ్చు, ప్రశ్న మాత్రం ఒకటే ఉండాలె. ఇచ్చినవాడు ఏం ఆశిస్తున్నడు?

ఇంతకీ అవ్వకి ఏం చెప్పిన అంటే.

తెల్లారి ఫోన్ చేసి, టీకా వేయిద్దాం అని చెప్పిన. కానీ సంతకం వాళ్లని పెట్టొద్దని చెప్పమన్న. వచ్చే ఆదివారం నేను బడికి పోతున్నా, అవ్వ అటు నుంచి వస్తది. ఆ కాయితం నేను చదివి, కోయలో అవ్వకి చెప్త. పైన రాసిన ఐదు ప్రశ్నలు మేడంని మర్యాదగా అడుగుత. జవాబులు సరిగ్గా ఉంటే అవ్వ వేలిముద్ర వేస్తది. మా అవ్వకి సంతకం రాదు, అందులో నాకు సిగ్గు లేదు. వేలిముద్ర తప్పు కాదు. చదివి వినిపించకుండా వేయించుకున్న వేలిముద్ర తప్పు.

"కూలి పోతది కదా బిడ్డా" అంది. "పోనియ్ అవ్వా" అన్న.

చెల్లెతో కూడా మాట్లాడిన. సూది ఎందుకో, నొప్పి ఎట్లుంటదో, పెద్దమ్మ సంగతేందో అన్నీ చెప్పిన. "నీకు ఇష్టమేనా?" అని అడిగిన. కొంచెం సేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నన్ను ఎవరూ అడగలే అక్కా ఇప్పటిదాక" అంది.

మీ ఇంట్లో కూడా ఒక చెల్లె ఉంటే ఈ వారం ఒకసారి ఫోన్ చేసి అడగండి.

జోహార్.